మీరు అడగాలనుకున్నది ఇదా?

సొరంగం కూలి పదకొండు రోజులైంది. లోపల చిక్కుకున్న తమ్ముడి జాడ కోసం రికార్డుల గుమాస్తా ఆ రాత్రి కూడా ఆఫీసులో ఒంటరిగా కూర్చుంది. ఆమె ముందున్నది మామూలు మాటల్లో అడిగినా అర్థం చేసుకుని నివేదికలు వెతికిపెట్టే కంప్యూటర్. "మా తమ్ముడు బతికే ఉన్నాడా?" అని టైపు చేసింది.

"ఫలితాలు లేవు. మీరు అడగాలనుకున్నది ఇదా: మా తమ్ముడు తలుపెందుకు కొడుతున్నాడు?"

ఆమె వెంటనే వాచ్‌మన్‌కి ఫోన్ చేసింది.

"బాబాయ్, లోపలికి ఎవరినైనా పంపావా?"

"లేదమ్మా. గేటుకి నేనే తాళం వేశా. ఏమైంది?"

ఆమె జవాబు చెప్పేలోపే తలుపు మీద మెల్లగా మూడు దెబ్బలు పడ్డాయి.

"అక్కా, చలేస్తోందే."

గొంతు తమ్ముడిదే. అది విన్న వాచ్‌మన్ ఫోన్‌లో "తియ్యకమ్మా!" అని అరిచాడు. ఎలా వచ్చినా నా తమ్ముడేగా అనుకుంటూ ఆమె అప్పటికే గడియ తీసేసింది.