కుడి చెంప మీద మచ్చ

"మచ్చలేవి?"

మహీధర్ సార్ కళ్ళద్దాలు సవరించుకుని, కౌంటర్ మీదుగా వంగి ప్రణవి ముఖంలోకి చూశాడు. "టెన్త్ మెమోల రెండు గుర్తులు రాసున్నయి. కుడి చెంప మీద నల్ల మచ్చ, గడ్డం మీద నల్ల మచ్చ. నీ ముఖం మీద ఒక్కటీ లేదు."

"అవి మొటిమల మచ్చలు సార్. పోయినయి."

"పోయినయా?" వెనకున్న లైనంతా వినేలా నవ్వాడాయన. "మెమోల ఎక్కిన మచ్చలు పోవుడేందమ్మా? ఒకరి సీట్ల ఇంకొకరు కూసునేతందుకు వచ్చినోళ్ళు గూడ గిట్లనే చెప్తరు."

ప్రణవికి ఒళ్ళు మండిపోయింది. నాంపల్లిలోని ఆ ఆఫీసులో సర్టిఫికెట్లు చూసేది ఇవాళే ఆఖరు. నాలుగింటికి కౌంటర్ మూసేస్తారు. ఇప్పుడే మూడుంబావు. ఈలోగా ఈ మనిషి ముద్ర వెయ్యకపోతే సర్కారు కాలేజీలో వచ్చిన నర్సింగ్ సీటు వేరేవాళ్ళకు వెళ్ళిపోతుంది.

పక్కనే ఉన్న తల్లి ప్రభావతి ఊరుకుంటుందా? కౌంటర్ మీద చెయ్యి చరిచింది. "ఏ గుడ్డోడు రాసిండో సార్! మొటిమకూ పుట్టుమచ్చకూ ఫరక్ తెల్వనోడు. వాని చేతులు పడిపోను!"

అక్కడితో ఆగినా బాగుండేది. కూతురి మీదికి తిరిగింది. "ఇది మాత్రం తక్కువదా? ముఖాన్ని దాని మానాన దాన్ని ఉండనిచ్చిందా? రెండేండ్ల సంది ఒకటే కడుగుడు. ఇగో, ఇప్పుడు సీటు గూడ కొట్టుకపోతుంది."

"అమ్మా, జర ఊకో."

"ఎందుకూకోవాలె? టూత్‌పేస్ట్ పెట్టుకోవే అన్న, వినలే. నిమ్మకాయ రుద్దుకోవే అన్న, వినలే..."

"రుద్దింది నువ్వు! చెంప పొక్కి మూడు దినాలు మండింది. మొటిమ పండిందని సూదితోటి గుచ్చింది ఎవరు? గా మచ్చలు గట్లనే వచ్చినయి."

లైన్లో ఎవరో కిసుక్కుమన్నారు. ప్రణవి పట్టించుకోలేదు. రెండేళ్ళుగా ఇంట్లో ఇదే యుద్ధం. గిల్లొద్దు, గుచ్చొద్దు, రుద్దొద్దు అంది దవాఖానాలో చర్మం డాక్టరమ్మ. రెండు పూటలా ఘాటులేని సబ్బుతో మెల్లగా కడుక్కో, ట్యూబులోది శనగగింజంత రాసుకో, దిండు గలేబు మారుస్తుండు, నెలల తరబడి ఓపిక పట్టు అంది. ప్రణవి అక్షరం తప్పకుండా చేసింది. తల్లి మాత్రం ఒక్కరోజు కూడా ఎత్తిపొడవకుండా ఉండలేదు. అద్దం ముందు నిలబడితే చాలు, "ఎంత తోమినా గదే ముఖం" అనేది.

"ఇంటి పంచాయితీ ఇంట్ల పెట్టుకోండ్రి," అన్నాడు మహీధర్. "అప్పటి ఫోటో ఏమన్న ఉన్నదా?"

ప్రణవి గబగబా టెన్త్ హాల్‌టికెట్ తీసిచ్చింది. ఇచ్చాక నాలుక కరుచుకుంది. ఆ ఫోటో ఆబిడ్స్‌లో ఒక స్టూడియోలో దిగింది. అడక్కుండానే వాళ్ళు కంప్యూటర్లో మొటిమలన్నీ తుడిచేసి, ముఖాన్ని గుడ్డులా నున్నగా చేసిచ్చారు.

"ఓహో! ఫోటోల గూడ లేవు. ఇప్పుడు గూడ లేవు. మరి మెమోలకు యాడికెళ్ళి వచ్చినయమ్మా మచ్చలు?"

"కోర్టు కాడ నోటరీలు ఉంటరు సార్. ఉరికి కాగితం చేపించుకొస్త," అంది ప్రభావతి.

"నోటరీ వద్దు, గీటరీ వద్దు. ఆ మచ్చలు ఎవరు రాసిన్రో ఆళ్ళే వచ్చి నా ముందల రాసియ్యాలె. అవి మొటిమల మచ్చలు, పొరపాటున రాసినమని. అట్లయితే ముద్ర ఏస్త. లేకుంటే నేనేం చెయ్యలేను. జరుగుండ్రి. నెక్స్ట్!"

ప్రణవి జరగలేదు. "మా బడి ఆబిడ్స్‌లనే సార్. ఆటోల పోతే పది నిమిషాలు. టెన్త్ పరీక్ష ఫారాలు ఆఫీసుల దాచిపెడ్తరు. ఎవరు రాసిన్రో చూసి, ఆళ్ళను పట్టుకొనే వస్త."

ఫైలు చంకన పెట్టుకుని కదలబోయింది. ప్రభావతి లటుక్కున జబ్బ పట్టుకుంది.

"వద్దు. పోకు."

"ఎందుకు?"

"వద్దన్ననా! ఇంకేదన్న ఉపాయం చూద్దాం."

"ఉపాయం ఏందే అమ్మా? టైమ్ చూసినవా? ఇడువు!"

ప్రభావతి ఇంకా గట్టిగా పట్టుకుంది. ప్రణవి కళ్ళు ఎర్రబడ్డాయి. ఇన్నాళ్ళూ మింగిందంతా ఒక్కసారిగా బయటికొచ్చింది. "నా సీటు పోతే నీకు సంబురమా? చిన్నప్పటి సంది గింతే. నేను జర బాగుంటే నీకు నచ్చదు. నా ముఖం నచ్చదు, నా చదువు నచ్చదు. నువ్వు నాకు అమ్మవా, పగదానివా?"

నెక్స్ట్ అనిపించుకున్న పిల్ల ముందుకు రాకుండా అక్కడే నిలబడిపోయింది.

ప్రభావతి చెయ్యి వదిలేసింది. కొంగుతో ముఖం తుడుచుకుంది. మహీధర్ ముందున్న కట్టలోంచి తెల్లకాగితం ఒకటి లాక్కుని, ఆయన చేతిలోని పెన్ను అడక్కుండానే తీసుకుంది.

"బడికి పోయే పని లేదు సార్," అంది, కూతురి వంక చూడకుండా. "ఫారం ఇంటికి పంపిన్రు. దీని ముఖం ఈ జన్మల బాగుపడదనుకొని, గా మచ్చలు రాసింది నేనే."