మెట్లాయన

"మూడు టన్నుల లిఫ్టు. ఈ చేత్తో ఎత్తిపట్టి, ఈ చేత్తో మా తోడల్లుణ్ణి బయటికి లాగాను," అన్నాడు పెద్దల్లుడు.

చూడ్డానికొచ్చిన పక్కింటివాళ్ళు ఆ రెండు చేతుల వైపూ భక్తిగా చూశారు.

నిజానికి గోడౌన్‌లో సామాన్ల లిఫ్టు జారిపడ్డప్పుడు ఆ చేతుల్లో ఒకదాంట్లో టీ గ్లాసు, ఇంకోదాంట్లో బిస్కెట్టు ఉన్నాయి. క్యాంటీన్ నుంచి పరుగెత్తుకొచ్చేసరికి తోడల్లుడు స్పృహ లేకుండా స్ట్రెచర్ మీదున్నాడు.

మరి ఎందుకీ కోతలు?

ఇద్దరిదీ ఒకే గోడౌన్, ఒకే జీతం, ఒకే అత్తగారు. కాలు విరిగిన రోజు నుంచి చిన్నల్లుడు మహారాజైపోయాడు. అత్తగారు వచ్చి మకాం పెట్టింది. దిండు ఎత్తు సరిపోయిందా అని గంటకోసారి అడుగుతోంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో పెద్దల్లుడికి తల అంటూ ఒకటుందని ఆవిడ గమనించిన దాఖలా లేదు.

చివరికి ఆ కాలి కట్టును చూసినా అతనికి కడుపు మండేది. ఎంత తెల్లగా ఉంది!

ఇది చాలదన్నట్టు మెట్లాయన దాపురించాడు.

ఎవరో తెలీదు. "మీ గోడౌన్ దగ్గరే పనిచేసేవాణ్ణండీ," అంటాడంతే. చిన్నల్లుడి ఇల్లు ఐదో అంతస్తులో. లిఫ్టు బ్రహ్మాండంగా పనిచేస్తోంది. అయినా రోజూ సాయంత్రం మెట్లెక్కి, చెమటలు కక్కుతూ వస్తాడు. చిన్నల్లుణ్ణి భుజానికి ఆనించుకుని హాల్లో అటూ ఇటూ నడిపిస్తాడు. మళ్ళీ మెట్లు దిగి పోతాడు.

"నాకు కొడుకున్నా ఇంత చేసేవాడు కాదు," అంది అత్తగారు.

"లిఫ్టంటే భయమేమో అత్తయ్యా, చంటిపిల్లాడిలా."

"ఏమో బాబూ. మీలా లిఫ్టెక్కొచ్చి కబుర్లు చెప్పి పోవట్లేదుగా."

పెద్దల్లుడు లేచి వెళ్ళి లిఫ్టు బటన్ గట్టిగా నొక్కాడు.

ఒకరోజు మెట్లాయన గుమ్మం దగ్గరే అతన్ని ఆపాడు.

"అన్నా, నష్టపరిహారం కోసం లాయరు దగ్గరికి ఎప్పుడెళ్తున్నారు? నేనూ వస్తాను. ఆ రోజు గురించి ఒక మాట చెప్పాలి."

పెద్దల్లుడు లోపలెవరైనా విన్నారేమోనని వెనక్కి చూశాడు. ఆ రోజు లాగిందెవరో ఈయనకి తెలిసే ఉంటుంది. ఆ ఒక్క గొప్పా పోతే తనకింకేం మిగిలింది?

"లాయరూ లేదు, గీయరూ లేదు," అన్నాడు. "మిమ్మల్ని చూస్తే మావాడికి ఆ రోజే గుర్తొస్తోందట. ఇంక రావద్దని చెప్పమన్నాడు."

మెట్లాయన తలొంచుకున్నాడు.

"నిజమే. నన్ను చూస్తే అలాగే ఉంటుంది," అంటూ మెల్లగా దిగిపోయాడు.

పెద్దల్లుడు ఆ రోజు హాయిగా నిద్రపోయాడు.

కొన్నాళ్ళకి అందరూ లాయరమ్మ ముందు కూర్చున్నారు.

"ఒక ఆపరేషన్ చేయించి గోడౌన్ వాళ్ళు చేతులు దులుపుకున్నారు," అందావిడ. "ఇంకోటి చేయిస్తేగానీ ఈయన మళ్ళీ మామూలుగా నడవలేడు. ఆ ఖర్చు లిఫ్టు మరమ్మతులు చూసుకునే బయటి కంపెనీ దగ్గర రాబట్టాలి. బ్రేకు పాడైందని వాళ్ళకి ముందే తెలుసని చెప్పే మనిషి కావాలి." పెద్దల్లుడి వైపు తిరిగింది. "లాగింది మీరేగా? ఏం చూశారో చెప్పండి."

"అంటే… ఆ కంగారులో…"

"లిఫ్టు ఏ పక్కకి ఒరిగింది?"

"నా పక్కకే."

"మీరెక్కడున్నారు?"

పెద్దల్లుడు ఫ్యాను వైపు చూశాడు. అదేం సాయం చెయ్యలేదు.

"క్యాంటీన్‌లో."

అత్తగారు నోరు తెరిచింది. మూయడం మర్చిపోయింది.

"అనుకున్నాను," అంది లాయరమ్మ. "లాగిందెవరో గేటు దగ్గర వాచ్‌మన్ చెప్పాడు. ఆ మనిషి నోరు విప్పితే కేసు మనదే. కానీ మొన్ననే గది ఖాళీ చేసి వెళ్ళిపోయాడు. ఎక్కడికెళ్ళాడో ఎవరికీ తెలీదు."

చిన్నల్లుడు కాలు తడుముకున్నాడు.

"మెట్లాయన్ని అడిగితే తెలుస్తుందేమో. అవునూ, ఆయన రావడం ఎందుకు మానేశాడన్నయ్యా?"

ఈసారి పెద్దల్లుడు ఫ్యాను వైపు కూడా చూడలేదు.

"నేనే రావద్దన్నాను తమ్ముడూ. నువ్వన్నావని చెప్పాను." ఆ రెండు చేతులూ ఒళ్ళోకి లాక్కున్నాడు. "అత్తయ్య అతన్ని పొగుడుతుంటే కుళ్ళుకుని చచ్చాను."

లాయరమ్మ పెన్ను కింద పెట్టింది.

"మెట్లాయనంటే ఎవరు?"

"లిఫ్టున్నా ఎక్కేవాడు కాదండీ," అంది అత్తగారు. "అన్ని అంతస్తులూ నడిచే వచ్చేవాడు, పిచ్చోడు."

"ఎలా ఎక్కుతాడమ్మా?" అంది లాయరమ్మ మెల్లగా. "ఈయన్ని లాగిందీ అతనే. బ్రేకు అరిగిపోయిందని నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పినా కంపెనీ వినకుండా నడిపించిందే, ఆ లిఫ్టు మెకానిక్ అతనే."