ఫోన్ ఎత్తిన పెద్దాయన

ఇన్నాళ్ళూ పనిచేయని నంబరు ఆ రోజు మోగింది.

"హలో," అంది అవతలి గొంతు. వయసు మళ్ళిన గొంతు.

అంతే, కట్టుడుపళ్ళ మేస్త్రి ఉగ్గబట్టుకున్నదంతా వెళ్ళగక్కాడు.

"సిగ్గుందా మీకు? జనం సొమ్ము మింగి తలుపులు బిడాయించుకుంటారా?"

"బాబూ, ఒక్క మాట..."

"మీ మాటలు వినే ఇంతదాకా వచ్చింది! ఇప్పుడు నువ్వు విను!"

అవతలి మనిషి విన్నాడు. మేస్త్రికి తిట్లూ అయిపోయాయి, ఊపిరీ అయిపోయింది.

"కాసిని మంచినీళ్ళు తాగు బాబూ," అన్నాడు పెద్దాయన.

మేస్త్రి విసురుగా ఫోన్ పెట్టేశాడు. కాసేపటికి చూసుకుంటే నిజంగానే నీళ్ళు తాగుతున్నాడు.

పళ్ళ డాక్టరు గది వెనకున్న ఇరుకు గదిలో అతని పని. మైనం కరిగించి, అచ్చులు పోసి, పళ్ళు అమరుస్తాడు. ఆ చుట్టుపక్కల ముసలివాళ్ళ నవ్వుల్లో సగం అతని చేతి చలవే.

తన నవ్వు మాత్రం ఆ నంబరు ఇచ్చిన క్రిప్టో కరెన్సీ ఎక్స్ఛేంజితోనే పోయింది.

తన సొమ్ముతో ఆగినా బాగుండేది. ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో పనిచేసే అక్క, మోకాళ్ళ ఆపరేషన్ కోసం కూడబెట్టుకుంది. "ఊరికే పడి ఉంటే ఏం పెరుగుతుందక్కా, నాకియ్యి," అని తనే అడిగి తీసుకెళ్ళి అందులో పోశాడు. అంకెలు పెరిగినప్పుడల్లా ఫోన్ తీసి అక్కకి చూపించి మురిసిపోయాడు.

ఒక పొద్దున తీసి చూస్తే, 'చెల్లింపులు తాత్కాలికంగా నిలిపివేశాం' అని వచ్చింది. ఆ తాత్కాలికం అలాగే ఉండిపోయింది. ఆఫీసుకి పరిగెత్తితే అద్దాల తలుపుకి తాళం, బయట తనలాంటి మొహాలు.

అక్కకి చెప్పలేదు. "రేటు ఇంకొంచెం పెరగనీ అక్కా," అని నెట్టుకొస్తున్నాడు.

మర్నాడు మళ్ళీ ఫోన్ చేశాడు. తిట్టడానికే. ఆ మర్నాడూ చేశాడు. అచ్చు ఆరేలోగా ఫోన్ చేయడం అలవాటైపోయింది.

"మా డబ్బెప్పుడిస్తారు?"

"అది నా చేతిలో లేదు బాబూ. ఉందని అబద్ధం చెప్పలేను."

"మరెందుకు ఎత్తుతున్నావు?"

"మోగుతోంది కదా."

మేస్త్రి అచ్చు ఆరిందో లేదో వేలితో నొక్కి చూశాడు.

"తిట్లు తినడానికి జీతమెంతిస్తున్నారేం?"

"జీతమా? అదేం లేదు నాయనా."

ఈయనకీ ఎగ్గొట్టారన్నమాట అనుకుని మేస్త్రి కొంచెం మెత్తబడ్డాడు.

ఒక మధ్యాహ్నం అక్క లాండ్రీ మెట్ల మీద కూలబడిపోయింది. ఫోన్ చేసి చెప్పింది. "ఇంక నావల్ల కాదురా. డాక్టరు తేదీ ఇచ్చాడు. డబ్బు తీసెయ్యి."

"అలాగే అక్కా," అన్నాడు.

చేతిలో పని పక్కన పెట్టి మేడ మీదికి ఎక్కాడు. ఎందుకో పెద్దాయనకి ఫోన్ చేశాడు. తిట్టలేదు.

"గాలి హోరుమంటోంది. ఎక్కడున్నావు బాబూ?"

"మేడ మీద."

"పిట్టగోడకి దగ్గరగానా?"

"దాని మీదే కూర్చున్నా."

అవతల కుర్చీ జరిగిన చప్పుడైంది.

"లోపలి వైపు దిగు. నా మాట విని దిగు నాయనా. దిగి నేలమీద కూర్చో. నేనెక్కడికీ పోను, ఇక్కడే ఉంటాను."

మేస్త్రి దిగాడు. కూర్చున్నాడు. అప్పుడు వచ్చింది ఏడుపు.

"ఆపరేషన్ డబ్బు పోగొట్టి మా అక్కకి ఈ మొహం ఎలా చూపించనండీ?"

"ఆవిడకి నీ మొహం కొత్తేం కాదుగా. నీకు పాలపళ్ళు కూడా రాకముందు నుంచీ చూస్తోంది. డబ్బు పోయిందని నీ నోటితో చెప్పు. తమ్ముడు పోయాడని ఇంకెవరో వెళ్ళి చెప్పే గతి పట్టించకు."

మేస్త్రి లేచాడు. దారి పొడుగునా పెద్దాయన ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉన్నాడు. అక్క తలుపు తీశాకే ఫోన్ పెట్టేశాడు.

అక్క అంతా విని వీపు మీద రెండు బాదింది. తర్వాత తనే కూర్చుని ఏడ్చింది.

"డబ్బు సంగతి తర్వాత. ఇన్నాళ్ళూ నా ఎదురుగా నవ్వుతూ తిరిగావే, ఒక్కడివే ఎలా మోశావురా?"

ఆపరేషన్ వాయిదా పడింది. పొద్దున్నే అక్క చెయ్యి పట్టుకుని మెట్లు దింపి, లాండ్రీ దాకా దిగబెట్టడం మేస్త్రి పనుల్లో చేరింది. సాయంత్రాలు పైపని కూడా ఒప్పుకున్నాడు. పెద్దాయనకి చెప్పాలనుకుంటూనే రోజులు గడిచిపోయాయి.

ఉన్నట్టుండి ఒకరోజు టీవీలో ఆ ఎక్స్ఛేంజి యజమానినీ, ఉద్యోగుల్నీ అరెస్టు చేశారని వచ్చింది.

పెద్దాయన్ని కూడా పట్టుకెళ్ళి ఉంటారా?

వెంటనే ఫోన్ చేశాడు. ఒక ఆడమనిషి ఎత్తింది.

"అమ్మా, అక్కడ ఫోన్ ఎత్తే పెద్దాయన ఉండాలి. ఆయన తప్పేమీ లేదు. ఎక్కడికి రమ్మన్నా వచ్చి సాక్ష్యం చెబుతాను."

"మా నాన్నండీ," అందావిడ. గొంతు బాగా అలిసిపోయి ఉంది. "పోయిన వారం నిద్రలోనే పోయారు."

మేస్త్రి ఫోన్ రెండో చెవికి మార్చుకున్నాడు.

"జీతం కూడా ఇవ్వలేదమ్మా ఆ కంపెనీ వాళ్ళు ఆయనకి," అన్నాడు.

"కంపెనీ ఏంటండీ? నాన్న బస్సు నడిపి రిటైరయ్యారు. కొత్త సిమ్ తీసుకుంటే ఆ కంపెనీ వదిలేసిన నంబరు అంటగట్టారు. మార్చేద్దాం నాన్నా అని ఎంత పోరినా, 'పాపం, వీళ్ళకి ఇంకెవరు పలుకుతారే' అని ఒప్పుకోలేదు."