వంక పెట్టని జబ్బు

“ఇవాళ ఏం కూర?”

ఫోన్లో కనకలక్ష్మి గారు రోజూ వేసే ప్రశ్నే. రేణుక రోజూలాగే జవాబు చెప్పింది.

“దొండకాయ వేపుడు అత్తయ్యా.”

“బాగా చేస్తావమ్మా నువ్వు. కడుపునిండా తిను.”

రేణుక చేతిలో గరిటె ఆగిపోయింది.

కనకలక్ష్మి గారికి డెబ్బై దాటాయి. వంక పెట్టకుండా ఆవిడ నోటి నుంచి ఒక్క మాట వచ్చిన దాఖలా లేదు. బెండకాయ అంటే జిగురు పోకుండానే దించేస్తావంటారు. పప్పు అంటే ఉడికీ ఉడకనిదంటారు. ఏదో ఒకటి అనందే ఆవిడకు తెల్లారదు. అనిపించుకోందే రేణుకకూ తెల్లారదు. రేణుక పటమటలో, ఆవిడ గుణదలలో ఉంటారు. ఒకే కప్పు కింద ఉంటే ఇద్దరూ ఉప్పూ నిప్పూ అని బంధువులందరికీ తెలుసు.

అలాంటి మనిషి మొన్న వంకాయను ఏమీ అనలేదు. నిన్న చారును మెచ్చుకున్నారు. ఇవాళ ఏకంగా దీవించారు.

రేణుకకు భయం వేసింది. వెంటనే ఆవిడ కొడుకు జయకృష్ణకు ఫోన్ చేసింది. అతను ఆఫీసు పని మీద హైదరాబాదులో ఉన్నాడు.

“అమ్మకేం, బ్రహ్మాండంగా ఉంది. రాత్రి నన్ను బంగారు తండ్రీ అంది,” అన్నాడు.

“నా భయమూ అదే.”

“తిట్టకపోతే పండగ చేసుకోవాలి గానీ ఈ గోలేంటి రేణుకా? నాకు మీటింగుంది.”

రేణుక పొయ్యి ఆపేసి, తను పనిచేసే చీరల షాపుకు సెలవు చెప్పి, ఆటో ఎక్కింది.

గుణదలలో కింది వాటాలో ఉండే అమలమ్మ మెట్ల దగ్గరే ఎదురైంది.

“మామ్మగారు ఈమధ్య ఎంత నెమ్మదిగా ఉంటున్నారో. మేరీమాతకి మొక్కుకున్నాలే, ఆ తల్లి ఆలకించింది,” అంది సంతోషంగా.

పైన కనకలక్ష్మి గారు మంచం మీద కూర్చుని గోడకేసి చూస్తున్నారు. టిఫిన్ ముట్టలేదు. ఒళ్ళు పట్టుకు చూస్తే వేడి లేదు. దగ్గూ లేదు. రేణుక హడావిడిగా చుట్టుకొచ్చిన చీరను చూసి కూడా ఏమీ అనలేదు. “ఆసుపత్రికి వెళ్దాం పదండి,” అంటే, “నీ ఇష్టం తల్లీ,” అని లేచారు. ఆ మాట వినగానే రేణుక ఆటో కోసం కిందికి పరిగెత్తింది.

బెంజ్ సర్కిల్ దాటాక ఓ సందులో ఉన్న చిన్న ఆసుపత్రి. డాక్టర్ సింధూరి పెన్ను తీసి అడిగింది.

“ఏంటండీ ప్రాబ్లం?”

“తిట్టడం లేదండీ.”

“ఎవరు?”

“మా అత్తయ్య.”

పక్కనున్న నర్సు శివపార్వతి మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. “ఆ జబ్బు మా అత్తగారికి ఎప్పుడొస్తుందో,” అని గొణిగింది.

డాక్టరూ నవ్వబోయింది. అంతలో పెద్దావిడ ఊపిరి తీస్తున్న వేగం కంటపడింది. వేలికి క్లిప్పు పెట్టి, అందులో అంకె చూసి నవ్వు మానేసింది. వీపు మీద స్టెతస్కోపు ఆనించి, ఒకచోట ఆగి, మళ్ళీ విన్నది. ఎక్స్‌రే తీయించింది. కుడి ఊపిరితిత్తి అడుగున తెల్లగా కమ్మేసి ఉంది.

“న్యుమోనియా అండీ. నిమ్ము చేసింది.”

“జ్వరం లేదుగా డాక్టర్ గారూ? దగ్గు కూడా లేదు.”

“పిల్లలకైతే జ్వరం కాస్తుంది, డొక్కలెగరేస్తారు, తల్లికి ఇట్టే తెలిసిపోతుంది. ఈ వయసులో ఒక్కోసారి అవేవీ ఉండవు. తిండి మానేస్తారు, మనిషి తీరు మారిపోతుంది, అంతే. మీరు పసిగట్టారు గనక సరిపోయింది. ఇంకా ఆలస్యమైతే ప్రాణాల మీదికొచ్చేది.”

రేణుక వరండాలోకి వెళ్ళి ఏడ్చింది. ఆవిడ నోరు మూతపడితే బాగుండునని తను ఎన్నిసార్లు కోరుకుందో గుర్తొచ్చి మరీ ఏడ్చింది.

మర్నాడు జయకృష్ణ వచ్చాడు. తల్లి ముఖానికున్న ఆక్సిజన్ మాస్కు చూసి బిక్కచచ్చిపోయాడు. గుమ్మం దగ్గరే నిలబడి రేణుకకు థాంక్స్ చెప్పాడు. ఆమె తలూపి, తేవలసిన మందుల పేర్లు చెప్పింది.

ఇంజెక్షన్లు పనిచేశాయి. మాస్కు తీసేసిన రోజు పొద్దున రేణుక ఇంటికెళ్ళి చేసుకొచ్చిన ఇడ్లీ తుంచి ఆవిడ నోటికందించింది. కనకలక్ష్మి గారు నమిలారు. నమలడం ఆపారు. రేణుక ఊపిరి బిగబట్టింది.

“ఇది ఇడ్లీనా, ఇటుకరాయా? ఎవరు చేశారు, నువ్వేనా?”

“నేనే అత్తయ్యా.”

“అనుకున్నా. ఆ జుట్టేంటి, పిచ్చుకగూడులాగా? పోయిన వారం నువ్వు పంపిన పెరుగావడలు తినబట్టే నాకీ నిమ్ము.”

“పెరుగావడల వల్ల కాదు మామ్మగారూ, క్రిముల వల్ల,” అంది శివపార్వతి, సెలైన్ సీసా మారుస్తూ.

“ఆ క్రిములేవో దీని వంటింట్లోవే అయ్యుంటాయి.”

రేణుక మొహం చేటంత అయింది. కళ్ళు తుడుచుకుని ఇంకో ముక్క తుంచింది.

చూసి చూసి శివపార్వతికి ఒళ్ళు మండింది. “పగలూ రాత్రీ ఈ కుర్చీలోనే పడుందండీ పాపం. ఇలాంటి కోడల్ని పట్టుకుని అన్నేసి మాటలంటారేంటి?”

కనకలక్ష్మి గారు నర్సును ఎగాదిగా చూశారు.

“మావాడు దీనికి విడాకులిచ్చి నాలుగేళ్ళయిందమ్మాయ్, నేనే ఇంకా ఇవ్వలా.”