చైను ఊడే పిన్ని

టక్కున చప్పుడు. చువాంగ్ పిన్ని సైకిలు చైను మళ్లీ ఊడింది.

“ఆగు తల్లీ, ఒక్క నిమిషం,” అంటూ ఆవిడ దిగి రోడ్డు పక్కన చతికిలబడింది.

యావ్‌లిన్ బ్రేకు పట్టి కాలు నేల మీద పెట్టింది. గుండె దడదడా కొట్టుకుంటోంది. పక్కన సీతాఫలం తోట. పైన మలుపుల మీద మలుపులుగా కొండ.

సైకిలు గుంపులో మిగతావాళ్లు ఎప్పుడో కనుమరుగయ్యారు.

ఆదివారం వచ్చిందంటే ఇదే వరస. కొండ కింద నేలదేవుడి చిన్న గుడిలో అగరుబత్తి వెలిగించి అందరూ కలిసే బయలుదేరుతారు. పైన మండపం దగ్గర, సముద్రానికి వీపు పెట్టి ఫోటో దిగుతారు. చెమట ఆరేలోపు కిందికి దిగాలి, లేకపోతే ఆ గాలికి ఒళ్లు బిగుసుకుపోతుంది. ఆ ఫోటో ఊళ్లో నూడుల్స్ అంగడి గోడకెక్కుతుంది.

ఆ గోడ మీద యావ్‌లిన్ ఇంతవరకూ లేదు.

“కొండెక్కాను, కొండెక్కాను అంటావు. నీ మొహం ఏదే?” అని ప్రతి సోమవారం అడుగుతుంది నాయనమ్మ, కళ్లద్దాలు గోడకు ఆనించినంత పని చేసి.

“పిన్నీ, కొత్త చైను వేయించుకోవచ్చు కదా?”

“పాతదానికే నా చేతులు అలవాటు.” పిన్ని నల్లబడ్డ వేళ్లు ప్యాంటుకు తుడుచుకుంది. “ఈలోగా నీళ్లు తాగు. ఆ అన్నం ఉండ కూడా తిను. వడలిన తోటకూర కాడలా ఉన్నావు.”

పోతున్న లారీ డ్రైవరు కిటికీలోంచి అరిచాడు. “జియాయో! జియాయో! ఊపందుకో, తొక్కు పిల్లా! ముసలమ్మ నిన్ను దాటేస్తుంది చూస్కో!”

పిన్ని పకపకా నవ్వింది. యావ్‌లిన్‌కు నవ్వు రాలేదు.

తర్వాతి మలుపులో చైను మళ్లీ ఊడింది. తోట దాటాక ఇంకోసారి.

మండపం కనపడేసరికి అందరూ కిందికి దూసుకొస్తూ ఎదురయ్యారు. “పర్లేదమ్మా, వచ్చేవారం!” అని చెయ్యూపాడు తెంగ్ అన్న, ఎప్పుడూ అందరికంటే ముందుండేవాడు.

యావ్‌లిన్ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎన్నడూ ఎదురుమాట ఆడని పిల్ల, ఆ వేళ ఆగలేకపోయింది.

“అంతా మీ వల్లే పిన్నీ! వచ్చేవారం నాతో రాకండి. నేనొక్కదాన్నే ఎక్కుతాను.”

పిన్ని నల్లబడ్డ వేళ్లు మళ్లీ ప్యాంటుకు తుడుచుకుంది.

“ఎక్కుతావు తల్లీ. ఎందుకెక్కవూ,” అంది.

మరుసటి ఆదివారం గుడి దగ్గర పిన్ని లేదు. యావ్‌లిన్‌కు భారం దిగినట్టనిపించింది.

మొదటి మలుపు దాటింది. రెండోదీ దాటింది. ముందువాళ్ల వీపులు ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి. ఆగమనే మనిషి లేదు. తనంతట తాను ఆగడానికి సిగ్గు. తొక్కుతూనే ఉంది.

తోట దగ్గరికొచ్చేసరికి కాళ్లు రాళ్లయ్యాయి. కళ్ల ముందు రోడ్డు తెల్లబడింది. సైకిలుతో సహా పక్కకి ఒరిగిపోయింది.

గట్టు మీద కూలబడి, కింది మలుపు వైపు చెవి ఒగ్గి కూర్చుంది. ఆ టక్కుమనే చప్పుడు వినపడితే బాగుండు. “ఆగు తల్లీ” అని ఎవరైనా అంటే బాగుండు.

ఒక లారీ వచ్చింది, పోయింది. అంతే.

ఫోటో దిగి వస్తున్న తెంగ్ అన్న ఆమెను చూసి ఆగాడు.

“ఏమ్మా, ఇక్కడే కూర్చుండిపోయావు?”

“అన్నా, పిన్ని వచ్చేవారం వస్తుందా?”

“ఇంకెక్కడి పిన్ని! కూతురికి కాన్పయిందని తైపే వెళ్లిపోయింది. ఇక అక్కడే ఉంటుందట. పోయిన వారమే ఆఖరు. నీకు చెప్పలేదూ?”

యావ్‌లిన్ తల అడ్డంగా ఊపింది.

“పోయేముందు ఆ చైనైనా మార్పించుకోవాల్సింది,” అంది మెల్లగా.

తెంగ్ అన్న నవ్వాడు. నవ్వు సగంలోనే ఆగిపోయింది.

“చైనుకేం, బంగారంలా ఉంది. వెనక్కి తొక్కి తనే ఊడగొట్టేది. నేను చేరిన కొత్తలో నా పక్కన కూడా అలాగే ఊడేది. నాకూ ఒళ్లు మండేది.”

అతను కొండ వైపు తలెత్తి చూశాడు.

“మేమంతా పై మలుపులో ఓసారి దిగి ఊపిరి పీల్చుకుంటాం. కాలు కింద పెట్టకుండా ఈ కొండ ఎక్కగలిగింది మన గుంపు మొత్తంలో ఆవిడొక్కతే.”