నవ్వితేనే ఎండ

టవర్లు ఆకాశాన్ని కప్పేశాక ఇంటింటికీ ఎండదీపం వచ్చింది. అది మనిషి మొహం చూస్తుంది. కోపంగా ఉంటే, శాంతించాలని సాయంత్రపు వెలుగే ఇస్తుంది. దాంతో ఎప్పుడూ చిరచిరలాడే హైమావతి పెట్టిన గుమ్మడి వడియాలు మూడో రోజుకీ ఆరక బూజు పట్టాయి.

“కాస్త నవ్వవే, ఎండొస్తుంది,” అన్నాడు భర్త పాపారావు, పాత అంతరిక్ష సినిమా చూస్తూ. “ఇక్కడ లోకాలే పేలిపోతుంటే నీకు వడియాల గొడవ!”

“ఆ సినిమాలు తీసినవాళ్ళెవరూ ఏనాడూ వడియాలు పెట్టుండరు. అందుకే ఈ ఖర్మ వాళ్ళ బుర్రకి తట్టలేదు!” హైమావతి దీపం వైపు తిరిగింది. “మా అమ్మ వీధి మొత్తాన్నీ తిడుతూ వడియాలు పెట్టేది. ఆ సూర్యుడు ఒక్కనాడైనా మొహం చాటేశాడా?”

దీపం ఆమె మొహాన్ని శ్రద్ధగా చూసి, మెల్లగా అస్తమించింది.