గద్ద చేసిన త్యాగం

"కదలకురా, గాటు పడుతుంది."

"కదిలేది నేను కాదు, నీ చెయ్యి."

నిజమే. సెలూనాయన చేతిలో కత్తి వణుకుతోంది. పాతికేళ్ళుగా వీధిలో అందరి గడ్డాలూ గీసిన చెయ్యి. నెల రోజులుగా ఇదే వరస.

ఆసుపత్రి మంచం మీదున్నవాడు అతని చిన్ననాటి స్నేహితుడు. పారాగ్లైడింగ్ పిచ్చి పుణ్యమా అని అందరూ గద్ద అంటారు. గొడుగులాంటి పెద్ద గుడ్డ కట్టుకుని కొండ మీంచి దూకాడు, గాలి తిరగబడి బండల మీద పడ్డాడు. రెండు కాళ్ళూ, మూడు పక్కటెముకలూ విరిగాయి. కింద నిలబడి ఫోటో తీస్తున్న సెలూనాయన అదంతా కళ్ళారా చూశాడు.

అప్పటినుంచీ అతనికి ఎత్తంటే హడల్. సెలూన్లో కుర్చీ కూడా పైకి లేపడం లేదు. వచ్చినవాళ్ళను కిందికి దించిన కుర్చీలోనే కూర్చోబెట్టి, తనే నడుం విరిగేలా వంగి కత్తిరిస్తున్నాడు. "కాస్త లేపవయ్యా" అని ఎవరైనా అంటే, "పడితే?" అని ఎదురడుగుతున్నాడు.

"అసలు మూడో అంతస్తులో గది ఎవరిచ్చార్రా నీకు?"

"నేనే అడిగి తీసుకున్నా. కిటికీలోంచి కొండ కనబడుతుందని."

"మరి తెర వేసుంచావేం?"

"ఎండ."

ఇంతలో నర్సు మాత్రలు తెచ్చి, మంచం తలవైపు పైకి లేపబోయింది. గద్ద పక్కనున్న కమ్మీని రెండు చేతులా పట్టుకున్నాడు.

"వద్దు సిస్టర్! పడుకునే మింగుతా. పక్కటెముకలు..."

సెలూనాయన అతని దుప్పటి సర్దాడు. పాపం, ఎంత నొప్పి ఓర్చుకుంటున్నాడో!

నర్సు వెళ్ళగానే అందుకున్నాడు. "ఒరేయ్, ఇంక ఎగరనని ఒట్టెయ్యి. ఇంట్లో చెల్లెమ్మ ఏడ్చి ఏడ్చి సగమైంది. నేను కళ్ళు మూస్తే చాలు, నువ్వు పడటమే కనిపిస్తోంది. బతికుంటే బలుసాకు తినొచ్చురా."

"కట్లు విప్పిన మర్నాడే కొండెక్కుతా. గద్ద భయపడి మానేశాడంటే నలుగురూ నవ్వరూ?"

"అయితే నీ వెనకే నేనూ దూకుతా."

"నువ్వా? కుర్చీ లేపలేనివాడివి!"

"అందుకే కచ్చితంగా పోతా. నా పెళ్ళాం పిల్లల ఉసురు నీకే తగులుతుంది." సెలూనాయన కత్తి పక్కన పెట్టి, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. "నువ్వు పోతే నేనెవరితో పోట్లాడాలిరా?"

సగం గడ్డం మీద నురగ ఆరిపోతోంది. చివరికి, ఆస్తంతా దానం చేసేస్తున్నవాడిలా గద్ద నిట్టూర్చాడు.

"సరే. నీకోసం మానేస్తున్నా. నీ ఒక్కడి కోసం. ఎవరడిగినా ఆ మాటే చెప్పు."

"వీధి వీధంతా చెప్తా! ఇక జీవితాంతం నీ గడ్డం పూచీ నాది!"

మిగతా సగం గడ్డం ఒక్క గాటు కూడా లేకుండా పూర్తయింది. సెలూనాయన గద్ద భార్యకు కబురు చెప్పాలని మెట్లు రెండేసి చొప్పున దిగిపోయాడు. ఆ చప్పుడు ఆగేదాకా చెవి ఒగ్గి విన్న గద్ద, గంట నొక్కి నర్సును పిలిచి, గొంతు తగ్గించి అడిగాడు.

"సిస్టర్, కింది అంతస్తులో మంచం ఇవాళైనా ఖాళీ అయిందా?"